ఒక్క తప్పు సంతకం

సాఫ్ట్‌వేర్ టెస్టర్ శవం లిఫ్టు గుంతలో దొరికింది. అతని కుర్చీ చల్లారకముందే ఆ ఉద్యోగంలోకి ఏజెంట్ చీమను పంపుతున్నాడు చీఫ్.

"అతను పరీక్షిస్తున్నది, రైలు బ్రేకులకు అప్‌డేట్ వస్తే, దాని మీది డిజిటల్ సంతకం మనదేనా అని చూసి లోపలికి రానిచ్చే ప్రోగ్రాం. ఇవాళే అన్ని రైళ్లకూ వెళ్తోంది. శత్రువు అందులో వేలు పెట్టాడని అనుమానం. రుజువు లేదు."

"అక్కడ మనవాళ్లెవరు?"

"రిలీజ్ మేనేజర్. కోడ్ పేరు నెమలి."

ఆ ఆఫీసులో నెమలి నల్లకళ్లద్దాలు తలమీదికి తోసి, "వాన పడేలా ఉంది," అంది.

"గొడుగు అమ్మేశాను," అంది చీమ. కోడ్ సరిపోయింది.

"టెస్టులన్నీ పాసై పచ్చగా ఉన్నాయి. ఓకే కొట్టెయ్, కాఫీకి పోదాం."

చీమ టెస్ట్ డేటా తెరిచింది. వందల ఫైళ్లు. అన్నిటికీ సరైన సంతకాలే! ఒక్క దొంగ సంతకమూ లేదు. తాళాన్ని దాని సొంత చెవితోనే తీసి, గట్టి తాళమని మురిసిపోయినట్టుంది. దొంగచెవి పెట్టి చూడబోయినవాడు లిఫ్టు గుంతలో తేలాడు.

ఒక ఫైలు కాపీ చేసింది. లోపల ఒక్క అక్షరం మార్చి, సంతకం అలాగే ఉంచింది. ఫైలు మారింది కాబట్టి ఇక ఆ సంతకం చెల్లకూడదు. 'తిరస్కరించాలి' అని పక్కన రాసి టెస్టుల్లో కలిపింది.

మెడకు చల్లగా ఏదో తగిలింది. లిప్‌స్టిక్ పిస్టల్.

"వాడూ ఇంతే," అంది నెమలి. "మంచి ఫైళ్లు చాలవట, చెడ్డవి కావాలట!"

"రైళ్లలో పసిపిల్లలుంటారే!"

"మీ రైళ్లు, మీ పిల్లలు. నాకేంటమ్మా? మావాళ్ల అప్‌డేట్ రెడీగా ఉంది. చేతులెత్తు. రిలీజ్ బటన్ నేనే నొక్కుతా."

నొక్కింది. రిలీజ్‌కు ముందు టెస్టులన్నీ మరోసారి వాటంతటవే నడవడం అక్కడి పద్ధతి. ఎప్పుడూ పచ్చే కాబట్టి ఎవరూ పట్టించుకోరు; నెమలీ మరిచిపోయింది. పచ్చ, పచ్చ, పచ్చ... తెరమీది గీత చివరికంటా నిండబోతోంది. ఆఖరి ఫైలు. చెల్లని సంతకాన్ని ప్రోగ్రాం కళ్లు మూసుకుని ఒప్పేసుకుంది.

ఎరుపు. టెస్టు ఫెయిల్. రిలీజ్ ఆగిపోయింది.

నెమలి తెరవైపు తిరిగిందో లేదో, చీమ మోచెయ్యి ఆమె దవడ మీద పడింది. పిస్టల్ బల్ల కిందికి దొర్లింది.

"ఒక్క అక్షరమా..." గొణిగింది నెమలి నేలమీద నుంచి.

"మీ బుద్ధికి అదే ఎక్కువ."

వాచీలో చీఫ్ గొంతు పలికింది. "శభాష్! రిపోర్టు రాసి, సంతకం పెట్టి పంపు."

"ఎవరిది పెట్టమంటారు సార్?"