నక్కో అన్న గొంతు

పుంగనూరు దారిలో పట్టాల్లేని రైలు కట్ట ఒకటి ఉండేది. యుద్ధం రోజుల్లో తెల్లోళ్లు పట్టాలు పీక్కుపోతే, మన్నూ కంకరా మిగిలాయి. పగలు దాని మీద సైకిలు తొక్కితే హాయిగానే ఉండేది. వానలో, చీకట్లో మాత్రం... వాగు నీళ్లు కట్ట కిందుగా పారే పెద్ద మోరీ దగ్గర ఒక ఆడగొంతు అరిచేదట—

"నక్కో... నక్కో..."

పట్టాలు లేకపోయినా దెయ్యం రైలు వస్తుందనీ, ఆ గొంతు మనల్ని దాక్కోమంటోందనీ మా ఊళ్లో నమ్మకం. వినగానే మోరీ కింద దూరాలి. అలా దూరినవాళ్లు కొందరు తెల్లారి వాగులో శవాలై తేలారు. సరిగ్గా నక్కలేదు, రైలు తొక్కేసింది అన్నారు మా పెద్దలు. వాళ్ల దగ్గర దేనికైనా జవాబుంటుంది!

డెబ్బై ఎనిమిదిలో మా నాగరాజన్న పెళ్లి. ఇది ఆయన చెప్పిందే. తెల్లవారుజామున పుంగనూరులో ముహూర్తం. చుట్టాలంతా ముందే పోయారు. కొత్త చొక్కా వస్తేగానీ కదలనని పెళ్లికొడుకు ఇంట్లోనే కూర్చున్నాడు. చొక్కా వచ్చింది, వానా వచ్చింది, బస్సు రాలేదు. ముహూర్తం తప్పితే పిల్లను మేనబావకు కట్టబెట్టేస్తానని మామగారు ముందే తెగేసి చెప్పాడు. తాళిబొట్టు చూస్తే అన్న మొలలో ఉంది.

చీకటి పడుతుండగా మూడు సైకిళ్లు కట్టెక్కాయి. అన్న, తోడుగా ఆగిన మేనమామ రెడ్డెప్ప, చొక్కా కుట్టి తెచ్చిన మదనపల్లె దర్జీ షరీఫ్.

"పసుపు పూసిన ఒళ్లురా... చేతిలో ఇనుము లేకుండా పోకూడదు," గొణిగాడు రెడ్డెప్ప.

"నువ్వెక్కిండేది ఇనుమే గదప్పా!" అన్నాడు షరీఫ్.

నవ్వు రాలేదు. వాన ముఖాన కొడుతోంది. ముందు చక్రం కనబడటం లేదు. మోరీ దగ్గరపడుతోంది...

"నక్కో..."

అన్న బ్రేకు పట్టాడు.

"నక్కో! నక్కో!" — ఈసారి ఎదురుగానే.

రెడ్డెప్ప సైకిలు పారేశాడు. అన్న చెయ్యి పట్టి కట్ట కిందికి లాగాడు. "దిగరా! మోరీలో దూరు! రైలొస్తాండాది!"

"ఆగన్నా!" షరీఫ్ అన్న నడుం గట్టిగా పట్టుకున్నాడు. "దాక్కోమనేది కాదు అది! మా మాటలో నక్కో అంటే... వద్దు!"

అప్పుడే మెరిసింది.

ఎదురుగా మోరీ లేదు. సగానికి తెగిపోయింది. వాళ్లు దూరబోయిన చోట వాగు సుడి తిరుగుతోంది.

షరీఫ్ చీకట్లోకి అరిచాడు. "నై ఆతే అమ్మా... నై ఆతే!" మేం రాము తల్లీ, రాము.

గొంతు ఆగిపోయింది.

చుట్టుదారిన పడి, బురదతో ముహూర్తానికి అందుకున్నారు. పెళ్లి భోజనాల దగ్గర, ఆ ఊళ్లోనే ఉండే షరీఫ్ పెద్దమ్మ మైమూన్ బీ ఈ సంగతి విని చేతిలో ముద్ద ఆకులో పెట్టేసింది. అది ఒకప్పటి రైలు గేటుమాన్ ఇమాముద్దీన్ భార్య మహమూదా గొంతేనంది. చాన్నాళ్ల కిందట, ఇలాంటి వానలోనే, మోరీ మీద వాగు పొర్లుతుంటే, అవతలి నుంచి సైకిలు మీద వస్తున్న మొగుణ్ణి "నక్కో" అని అరుస్తూ ఆపబోయి, అతనితోపాటే కొట్టుకుపోయిందట.

ఆ రాత్రి తర్వాత ఆ గొంతు ఎవరికీ వినబడలేదు.

ఈ మాట చెప్పినప్పుడల్లా అన్నకు కళ్లు తడుస్తాయి. "చచ్చినాక కూడా వద్దు వద్దని అరస్తానే ఉండింది రా ఆ తల్లి... మనోళ్లు పొయ్యి నక్కినారు."