క్లచ్ ప్లేటుకు బొట్టు

"నా ఇడ్లీ రేకులు ఎటు పోయినయ్?"

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. వంటిల్లంతా వెతికిన ఇంద్రమ్మ పెరట్లోకి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుంది. రేకులు ట్రాక్టర్ పక్కనున్నాయి. ఒక్కో గుంటలో ఒక్కో సైజు బోల్టు.

"ఏందయ్య ఇది? మనుషులు తినే దాంట్ల!"

"నన్నెందుకంటవ్? నీ బిడ్డ పని," అన్నాడు బాల్‌రాజ్, ట్రాక్టర్ కింది నుంచే.

"బోల్టులు కలిసిపోతయని పెట్టిన అమ్మా. సర్ఫేసి కడిగిస్త," అంది దీక్షిత.

"కడిగి నువ్వే తిను. మాకు ఉప్మా."

బాల్‌రాజ్ తండ్రి కొన్న పాత ట్రాక్టర్ అది. క్లచ్ అరిగిపోతే రెండు ముక్కలుగా విడదీసి, మూడు రోజులుగా చెక్క దిమ్మెల మీద నిలబెట్టి ఉంచారు. దీక్షిత ఆటోమొబైల్ డిప్లొమా చదివింది. వికారాబాద్‌లో ఒక ట్రాక్టర్ రిపేరు షెడ్డు వాళ్లు సోమవారం పనిలో చేరమన్నారు. బాల్‌రాజ్ "వద్దు" అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఎత్తడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

తాండూరు నుంచి తెచ్చిన కొత్త క్లచ్ ప్లేటుకు బాల్‌రాజ్ తల్లి నాగవ్వ దండం పెట్టి, చదునుగా ఉన్న వైపు ఎర్రటి బొట్టు దిద్దింది. బాల్‌రాజ్ ఆ బొట్టు తనకు కనబడేటట్టు ప్లేటు పట్టుకుని బిగించబోయాడు.

"నాయినా, బొట్టు తుడువు, ప్లేటు జారుతది. మధ్యల ఉబ్బిన దిక్కు గేర్‌బాక్స్ మొకాన రావాలె. నువ్వు తిర్లేసినవ్."

"బొట్టు పెట్టిన మొకం ఇంజన్ దిక్కు తిప్పుతరా ఎవరన్న? ఊకో."

మధ్యాహ్నానికి రెండు ముక్కలూ కలిశాయి. ఇంజను మోగింది. బాల్‌రాజ్ క్లచ్ తొక్కి గేరు వేయబోతే కర్రుమంది. మళ్లీ తొక్కాడు. మళ్లీ కర్రుమంది. ఇంజను ఆపేశాడు.

"చెప్పిన గద నాయినా."

"గట్టిగ చెప్పాలె గద!"

దీక్షిత చేతిలోని స్పానర్ కింద పెట్టింది. "వికారాబాద్ సంగతి గట్టిగనే చెప్పిన. విన్నవా?"

"మగోళ్ల షెడ్డుల గ్రీసు పూసుకుంట నిలబడితె మంది ఏమంటరు?"

"మంది వచ్చి నీ క్లచ్ బిగిస్తరా?" ఇంద్రమ్మ ముందుకొచ్చింది. "మూడు దినాల సంది ఒక్క మేస్త్రికన్న ఫోన్ చేసినవా? ఎందుకు చెయ్యలేదో చెప్పు."

బాల్‌రాజ్ చూపు కూతురి గ్రీసు చేతుల మీదికి పోయింది. ఎందుకు చెయ్యలేదో అతనికీ అప్పుడే తెలిసినట్టుంది.

అరుగు మీది నుంచి నాగవ్వ అంది: "కొట్లాడకుండ్రి. బొట్టు ఏ దిక్కు పెట్టాల్నో అడగక పెట్టిన, తప్పు నాదే."

అందరికంటే ముందు నవ్వింది దీక్షితే.

మర్నాడు పొద్దున్నే ట్రాక్టర్‌ను మళ్లీ విడదీశారు. ఈసారి బాల్‌రాజ్ టార్చి పట్టుకున్నాడు. "ఏ దిక్కు?" అని అడిగి, కూతురు చూపించిన వైపే చూస్తూ ఉండిపోయాడు. దీక్షిత ప్లేటు పెట్రోలుతో తుడిచి, సరిచూసి, ఒక్కో బోల్టూ తన చేత్తోనే బిగించింది.

మధ్యాహ్నం మూడింటికి గేరు చప్పుడు లేకుండా పడింది. దీక్షిత ట్రాక్టర్ నడుపుతూ గేటు దాటింది. బాల్‌రాజ్ అటు తిరిగి భుజం మీది తువ్వాలతో కళ్లొత్తుకోవడం ఇంద్రమ్మ చూసింది, చూడనట్టే లోపలికి నడిచింది.

నలుగురూ ఆలస్యంగా అన్నానికి కూర్చున్నారు. పప్పు వడ్డిస్తున్న ఇంద్రమ్మను ఆగమని బాల్‌రాజ్ చేత్తో సైగ చేశాడు.

"సోమవారం ఏడింటి బస్సుకు నేను, బిడ్డ వికారాబాద్ పోతం. ఆమెను షెడ్డుల దింపి నేనొస్త. మంది ఏమన్న అంటె నా దిక్కు పంపుండ్రి."