ఇరవై తొమ్మిదో సెకను

అంబులెన్స్ కాల్ సెంటర్‌లో మధ్యాహ్నం పన్నెండయింది. ఏసీ గుర్రుమంటోంది. వెనక గదిలో కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్నాడు మేధావి. అసలు పేరు వేరే ఉంది, ఇది ఫోన్లెత్తే ఆడవాళ్ళు పెట్టింది. వెటకారమని తెలీక పొగడ్తనుకుని మురిసిపోతుంటాడు.

వచ్చే ప్రతి కాలూ వాడి చేతికిందున్న ఎస్‌బీసీ అనే పెట్టెలోంచే పోవాలి. అవతలినుంచి ఇంతసేపు చప్పుడు రాకపోతే కాల్ తెంచెయ్యమని దానికో గడువు పెడతారు. మీడియా టైమవుట్ అంటారు దాన్ని. అయిదు నిమిషాలుండేది. మేధావి ముప్పై సెకన్లు చేశాడు.

"వద్దు బాబూ," అంది గుమ్మంలో నిలబడ్డ సూపర్‌వైజరమ్మ. "నోరు పెగలనివాళ్ళు కూడా చేస్తారు. మేం అడ్రసు పట్టుకునేదాకా కాల్ నిలబడాలి కదా!"

"నోరు పెగలనివాళ్ళకి ఫోనెందుకమ్మా? మా ఇంట్లో ఉందొకావిడ, ఆవిడ చాలు నాకు!"

ఆ ఒకావిడ వాడి మేనత్త. తల్లి పోతే ఎత్తుకుని పెంచి ఇంతవాణ్ణి చేసింది. పక్షవాతం వచ్చి మాట పడిపోయాక, ఏం కావాలన్నా ఆఫీసుకు ఫోన్ చేసి, ఉంగరంతో రిసీవర్ మీద టక్, టక్ మనిపించేది. ఈ ప్రబుద్ధుడికి అది నామోషీ. ఆ పొద్దున్నే ఫోన్ తీగ గోడలోంచి పీకి, చుట్టచుట్టి, తన సంచీలో పడేసుకుని వచ్చాడు. సిగ్గులేని వెధవ!

గడువు మార్చగానే మూగ కాల్స్ అన్నీ టపటపా రాలిపోయాయి. ఒక్కటి తప్ప.

తెర మీద దాని పక్కన అంకెలు కదులుతున్నాయి. ఇరవై ఏడు... ఇరవై ఎనిమిది... ఇరవై తొమ్మిది... సున్నా. మళ్ళీ మొదటినుంచి.

"చావు మరి!" అని చేత్తో తెంచాడు. అదే కాల్ మళ్ళీ వచ్చింది.

విసుక్కుంటూ హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. నిశ్శబ్దం. ఎక్కణ్ణుంచో నొప్పుల తైలం వాసన, ఆ చల్లటి గదిలో... చాలాసేపు ఏమీ లేదు. తరవాత...

టక్.

నంబరు చూశాడు. తన ఇంటిదే.

సంచీ తడిమాడు. తీగ అందులోనే ఉంది.

ఎలా పరుగెత్తాడో వాడికే తెలీదు. ఇంట్లో అత్త కుర్చీలోనే ఉంది. చెయ్యి ఫోన్ మీదే ఉంది, మంచుముద్దలా. వాడి కేక విని వచ్చిన పక్కింటి డాక్టరుగారు నాడి చూసి తల అడ్డంగా ఊపారు.

"పోయి మూడు గంటలైంది. నొప్పి రాగానే ఎవరికైనా ఫోన్ చేసుంటే బతికేదయ్యా."

ఆయన నలుగురినీ పిలవడానికి వెళ్ళారు. మేధావి ఒక్కడే మిగిలాడు. వద్దు వద్దనుకుంటూనే రిసీవర్ ఎత్తాడు. తీగ లేని ఫోన్.

"అంబులెన్స్ సెంటర్. చెప్పండి," అంది సూపర్‌వైజరమ్మ గొంతు.

నోరు తెరిచాడు. నాలుక లేవలేదు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు... ఇరవై... ఇరవై అయిదు...

"కాల్ తెగిపోతుందమ్మా," అంది ఆవిడ, గుసగుసగా. "పొద్దున్నించీ నువ్వే కదూ? మళ్ళీ కొట్టమ్మా..."

ఇరవై తొమ్మిది. వాడి చెయ్యి దానంతటదే లేచింది.

టక్.

చూసుకున్నాడు. వాడి వేలికి అత్త ఉంగరం.