నలుగురు సెరాఫినాలు

రోజలిన్ కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే ఏడ్చేసింది. ఒళ్లో ఎనిమిది నెలల పిల్ల మాత్రం ప్రైవేటు డిటెక్టివ్ పరదేశి బల్ల మీది పెన్ను కోసం చెయ్యి చాపుతోంది.

2004లో, అదీ అనకాపల్లిలో, డిటెక్టివ్‌కి పనేముంటుందని నవ్వేవాళ్లుంటే నవ్వుకోనివ్వండి. ఆయన అసిస్టెంటు పావని ముందు మాత్రం ఆ మాట అనకండి.

రోజలిన్ చెప్పిన సంగతి ఇది. ఆమె కూతురు ఏడో నెలలోనే పుట్టింది. బతకదన్నారు, బతికింది. అత్తగారు లూర్దు మేరీ దేవుడికి మొక్కుకుని సెరాఫినా అని పేరు పెట్టించింది. గుడిలో ఫాదరుగారికే రెండోసారికి గానీ నోరు తిరగని పేరు. ఇంట్లో అందరూ ‘సెరా’ అంటారు. అత్తగారొక్కర్తే వీధిగుమ్మంలో నిలబడి ‘సెరాఫీ...నమ్మా’ అని సాగదీసి పిలుస్తుంది. నిన్న పోలియో చుక్కల దగ్గర, పూడిమడక మనిషి ఒకామె మూడు నెలల పిల్లని పట్టుకుని అచ్చం అలాగే పిలిచింది. ఆ పేరెవరు పెట్టారంటే తల దించుకుని వెళ్లిపోయింది.

"మా ఆయన రోనాల్డ్ బోటు ఇంజన్ల మెకానిక్కండి. వారానికి రెండుసార్లు పూడిమడకే. అడిగితే నవ్వేసేడు. నాకు నవ్వు రాలేదు."

అంతేకాదు. మూడు నెలల కిందట దండెం మీది పిల్ల గౌను మాయమైంది. మర్నాడు గుమ్మంలో గుడ్డలో కట్టిన తవుడు కనిపించింది. చేతబడేనని అత్తగారు దాన్ని కాలవలో పారేసింది. ఆ రెండో ఆడది తన పిల్ల ప్రాణం మీదికి తెస్తోందని రోజలిన్ భయం. శుక్రవారంలోగా నిజం తేలకపోతే పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోతుంది. పెట్టె కూడా సర్దేసింది.

"దండెం మీద కొత్త గౌన్లు లేవా?" అన్నాడు పరదేశి.

"రెండున్నాయి. చిరిగిందే పోయింది."

మీ గుమ్మంలోకి రోజూ ఎవరొస్తారని అడిగాడు. పక్కింటి పాలవాడు దేముడు, చేపలమ్మే ముసల్ది చిన్నమ్మలు అంది.

మర్నాడు పూడిమడకలో, ఎండుచేపలు తిరగేస్తున్న ఆడవాళ్ల మధ్య కూర్చుని పావని లెక్క తేల్చింది. ఆ ఊళ్లో సెరాఫినాలు ఒకరు కాదు, నలుగురు! పరదేశి మాత్రం తండ్రుల ఊసే ఎత్తలేదు. ప్రతి తల్లినీ ఇది ఎన్నో కాన్పమ్మా అని అడిగాడు. మూడోదని ఒకామె, నాలుగోదని ఒకామె చెప్పారు. ఇంట్లో చూస్తే ఒళ్లో పిల్ల తప్ప మరో బిడ్డ లేదు. పేరు ఎక్కడిదంటే ఒక్కరూ నోరు విప్పలేదు.

శుక్రవారం రోజలిన్ వరండాలో అందరూ చేరారు. ముఖం మాడ్చుకుని రోనాల్డ్, జపమాలతో లూర్దు మేరీ, పాల దేముడు, తట్ట దించుకుని చిన్నమ్మలు. రోజలిన్ పక్కనే పెట్టె ఉంది.

"ఒక్క సెరాఫినాయే అయితే రోనాల్డ్ గారిని నేనూ అనుమానిద్దును. నలుగురికీ ఆయనే తండ్రయితే ఇంజన్లు బాగుచేసే తీరికెక్కడిది?" అన్నాడు పరదేశి.

కొత్త గౌన్లు వదిలి చిరిగింది పట్టుకెళ్లినవాడు దొంగ కాడన్నాడు. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో, దక్కిన పిల్ల పాతబట్ట తొడుగుతారు. ఆ పేరే పెడతారు. ఊరికే తీసుకోరు, తవుడిచ్చి కొంటారు. అత్తగారు చేతబడని కాలవలో పారేసిన తవుడు ఆ వెలే.

"మా అమ్మకి ముగ్గురు పోయాక నేను పుట్టేను. దారినపోయే బైరాగి చేతిలో పెట్టి తిరిగి తెచ్చుకుంది. అందుకే పరదేశినయ్యేను. సాగదీసిన ఆ పిలుపు ఈ గుమ్మంలో విన్నవాళ్లకే వస్తుంది. దేముడిది ఈ వీధే. పూడిమడక నుంచి వచ్చేది ఒక్కరే."

చిన్నమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నానే తీసేనమ్మా. మా కోడలికి ఇద్దరు పోయేరు. ఏడో నెల పిల్ల బతికిందంటే ఆ పేరు సలవేననుకున్నాను. నన్ను సూసి మిగతావోళ్లూ ఎట్టుకున్నారు. ఏడాది తిరిగేదాకా పేరెక్కడిదో సెప్పకూడదని నోరు మూసుకున్నాం." లూర్దు మేరీ వైపు తిరిగింది. "ఆ తవుడు పారేసేరా అమ్మా? అయితే కొన్నట్టు కాదు కదా. మా పిల్ల గతేటి?"

ఇన్ని రోజులుగా తను పడ్డ భయమే ఆ ముసలిదాని కళ్లలో కనబడింది రోజలిన్‌కి.

"వెళ్లి తవుడు తీసుకురా," అంది.

చిన్నమ్మలు దేముడి పశువులశాలకి పరుగెత్తి దోసిలి నిండా తెచ్చింది. రోజలిన్ తన కొంగు చాపి అందులో పోయించుకుంది.

"అమ్మేను. నీ మనవరాలి పేరేటి?"

"సెరాఫీ...నమ్మా," అని మూడు నెలల్లో మొదటిసారి గొంతెత్తి పలికింది చిన్నమ్మలు.

రోజలిన్ చంకలోని పిల్ల అటు తిరిగి నవ్వింది. రోనాల్డ్ లేచి, అడక్కుండానే పెట్టె లోపల పెట్టేశాడు.