చెరపని వైపు

మా వైపు కొండదారులకు రంగులు వేసేది ఊరివాళ్ళే. బ్రెగెంజ్‌లో సరస్సు ఒడ్డున రైలు దిగినవాడు ఎవరినీ దారి అడక్కుండా మూడు రోజులు నడిచి మంచుకొండల దాకా పోగలడంటే, అది మా మోకాళ్ళ పుణ్యమే. రాయి మీద ఎరుపు, తెలుపు, ఎరుపు, మూడు పట్టీలు. ప్రతి రాయికీ రెండు గుర్తులు. ఎక్కేవాడికి కనపడేలా కింది వైపు ఒకటి, దిగేవాడికి కనపడేలా పై వైపు ఒకటి. దారి మూసేస్తే రెండిటినీ బూడిదరంగుతో చెరిపెయ్యాలి. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు.

నా పేరు గేబార్ట్. వృత్తి వడ్రంగం. ఇరవై ఏళ్ళుగా మా ఊరి కొండదారుల సంఘం తరఫున దారుల పని చూస్తున్నాను. మొన్న వసంతంలో మంచు కరిగేటప్పుడు కాకివాగు దారిలో చరియ విరిగింది. దారి సగంలో తెగి, అవతల నిట్టనిలువు గుంట మిగిలింది. జూన్‌లో నన్ను చెరపమన్నారు. కింద నుంచి ఎక్కుతూ, తెగిన చోట పక్క పొదల్లోంచి చుట్టి వచ్చి, ఒక వైపు గుర్తులన్నీ చెరిపాను. కనుమ మీదికి చేరేసరికి వాన పట్టుకుంది. మళ్ళీ దిగుతూ రెండో వైపు చెరపాలి. కనుమకు ఇవతల నడకవాళ్ళు ఆగే విడిదిలో, దాన్ని నడిపే క్రెసెంజ్ అక్క ఉల్లిపాయలు వేయిస్తున్న వాసన ముక్కుకు తగిలింది.

కనుమ దగ్గర అడ్డంగా తాడు కట్టి పలక వేలాడదీశాం కదా, ఇంకెవడు దిగుతాడు అనుకున్నాను. వెళ్ళి కడుపునిండా తిన్నాను. పనుల పుస్తకంలో ‘రెండు వైపులా చెరిపాను’ అని రాసి సంతకం పెట్టాను. ఆగస్టులో గాలివానకు ఆ తాడు తెగిపోయింది. చూశాను. రేపు కడదాంలే అనుకున్నాను. ఆ రేపు రాలేదు.

అక్టోబరు రెండో వారంలో వెరీనా అనే ఆవిడ తప్పిపోయింది. సరస్సు ఒడ్డు బడిలో పంతులమ్మ. శనివారం ఒంటరిగా నడకకు వచ్చి, విడిదిలో టీ తాగి, అక్కడి పుస్తకంలో పేరు రాసి, పక్కనే ‘కిందికి, అయిదింటి బస్సుకు’ అని రాసి వెళ్ళింది. బస్సు ఎక్కలేదు. ఫోను, రైలుస్టేషను దగ్గర ఆపి వచ్చిన కారులోనే దొరికింది.

విడిది నుంచి కిందికి నాలుగు దారులున్నాయి. ఆదివారం పొద్దున్నే రక్షకదళం నాయకుడు మైన్‌రాడ్ బల్ల మీద పటం పరిచాడు. మేమిద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నాం. మూలన వెరీనా భర్త లోథార్ తాకని కాఫీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

“ఒరే గేబార్ట్, కాకివాగు సంగతేంట్రా?” అన్నాడు మైన్‌రాడ్.

“అటు ఎవరూ దిగలేరు. రెండు వైపులా చెరిపేశాను.”

“ఖాయంగా?”

“పుస్తకంలో రాశాను కదరా. చూసుకో.”

“నువ్వు రాశాక మళ్ళీ చూడ్డమెందుకు?” అని కాకివాగు మీద పెన్సిలుతో కొట్టేశాడు.

ఆ గీత గీసిన చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది. నోరు తెరిచి ఒక్క ముక్క చెబితే పోయేది. దళంలో ఇరవై మంది, వాళ్ళ ముందు ఆవిడ భర్త... లేచి బూటుతాళ్ళు బిగించుకున్నాను. రెండు రోజులు మిగతా మూడు దారులూ గాలించారు. నేనూ వాళ్ళతో పాటు పొదలు వెతికాను. పొగమంచు వల్ల హెలికాప్టరు ఎగరలేదు.

మంగళవారం మధ్యాహ్నం, అందరూ తూర్పు దారికి వెళ్ళాక, నేను సంచి సర్దుకున్నాను. బూడిదరంగు డబ్బా, కుంచె పెట్టుకున్నాను. తాడు పెట్టుకోలేదు. నేనెలాంటివాణ్ణో దీన్నిబట్టే తెలుసుకోండి.

“ఈ మబ్బులో ఎక్కడికిరా?” అంది క్రెసెంజ్ అక్క గుమ్మంలోంచి.

“కనుమ దాకా ఓసారి చూసొస్తాను అక్కా.”

“దూరం పోకు. ఒకరిని వెతకలేక చస్తున్నాం, నిన్ను కూడా వెతకాలా?”

కనుమ మీద నిలబడితే నా బూట్లు నాకే కనపడటం లేదు. సరస్సు నుంచి లేచిన మంచు కొండ మీదికి పాకి అక్కడే పేరుకుంది. తడిమట్టి వాసన, కుళ్ళిన ఆకుల వాసన. ఎక్కడో నీటిచుక్క రాతి మీద పడుతోంది. నాలుగడుగులు దిగాను. మొదటి రాయి. దాని మీద ఎరుపు, తెలుపు, ఎరుపు... నిన్న వేసినంత స్పష్టంగా ఉన్నాయి. నా చేతిపనే. మంచి రంగు, తొందరగా వెలిసిపోదు.

కుంచె ముంచి చెరిపాను. ఇంకో పాతికడుగుల్లో రెండోది. అక్కణ్ణుంచి మూడోది. గుర్తులు నన్ను చెయ్యి పట్టుకుని నడిపించాయి. ఆవిణ్ణి కూడా ఇలాగే నడిపించి ఉంటాయి. కనుమ నుంచి తెగిన చోటు దాకా మొత్తం ఇరవై ఒకటి. ఆ లెక్క నాకు తప్ప ఎవరికీ తెలియదు.

పదిహేడోది చెరుపుతుంటే ఈల వినపడింది.

కింద నుంచి. గుంటలో నుంచి. సన్నగా, తెగిపోతున్నట్టు. ఒకటి... రెండు... మూడు... ఆరు. తర్వాత నిశ్శబ్దం. నా చేతి గడియారం చూశాను. సరిగ్గా నిమిషం. మళ్ళీ ఆరు.

కొండల్లో పుట్టిన ప్రతివాడికీ అది తెలుసు. నిమిషంలో ఆరు ఈలలు, నిమిషం విరామం, మళ్ళీ ఆరు. ప్రమాదంలో ఉన్నాను, రండి అని. విన్నవాడు మూడు వెయ్యాలి. విన్నాను, వస్తున్నాను అని. శత్రువు వేసినా జవాబివ్వాలి. జవాబివ్వకపోవడం అనేది మా దగ్గర లేదు.

ఆవిడ బతికే ఉంది! గుండె ఎగిరి గంతేసింది. నిజం చెబుతున్నాను, సంతోషంతోనే. జేబులోని ఈల తీసి నోటి దాకా తీసుకెళ్ళాను.

అప్పుడు ముందున్న నాలుగు రాళ్ళు గుర్తొచ్చాయి. జవాబిస్తే పరుగెత్తాలి, దళాన్ని పిలవాలి. వాళ్ళు ఈ దారినే దిగుతారు. ఆ నాలుగూ చూస్తారు. ఇంకో నాలుగే. పది నిమిషాల పని. మూడు రోజులు ఓర్చుకున్న మనిషి పది నిమిషాలు ఓర్చుకోలేదా?

ఈల జేబులో పెట్టుకున్నాను.

పద్దెనిమిది. కింద ఆరు ఈలలు. రంగు గడ్డి మీద ఒలికింది. పంతొమ్మిది. ఆరు ఈలలు. ఆవిడకు తెలిసిపోయినట్టు అనిపించింది. ఎవరో వింటున్నారని... విని ఊరుకున్నారని. ఇరవై. ఆరు. ఇరవై ఒకటి. అవతల నేల లేదు, తెల్లటి మంచే ఉంది. కుంచె విసిరేసి, రొమ్ము పగిలేలా మూడు ఈలలు వేశాను.

జవాబు లేదు.

“అమ్మా! వస్తున్నాను!” అని అరిచాను. నీటిచుక్క చప్పుడు కూడా ఆగిపోయింది.

అప్పుడు మళ్ళీ ఆరు ఈలలు. కింద నుంచి కాదు. పైనుంచి... నా వెనక నుంచి... మొదటి రాయి ఉన్న చోటు నుంచి.

వెనక్కి తిరిగి ఎక్కబోయాను. అప్పుడు తెలిసింది నేను చేసుకున్నదేమిటో. ఎక్కేవాడికి దారి చూపే వైపు జూన్‌లోనే చెరిపాను. దిగేవాడికి చూపే వైపు ఇప్పుడు చెరిపాను. ఈ దారికి ఇక గుర్తే లేదు. ప్రతి రాయీ బూడిదరంగే, మంచూ అదే రంగు. పది అడుగులు వేశాను. కుడికాలి కింద మట్టి జారింది. రాళ్ళు దొర్లుతూ పోయాయి. చాలాసేపు దొర్లాయి. గడ్డి పట్టుకుని బోర్లా పడుకుండిపోయాను.

ఆరు ఈలలు. ఈసారి దగ్గరగా. కాస్త ఎడమకు.

ఏం చెయ్యను? అటే పాకాను. నేను ఆగితే ఈల ఆగింది. నేను పక్కకు పోతే, రావలసిన వైపు నుంచి ఇంకాస్త గట్టిగా మోగింది. తడిసిన ఉన్నికోటు వాసన వచ్చింది. నా కోటు ఉన్నిది కాదు... తలెత్తి చూడలేదు. కళ్ళు నేల మీదే పెట్టుకుని, దైవప్రార్థనలో సగం మరిచిపోయి, ఉన్న సగమే మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటూ పాకాను. కనుమ మీది గడ్డి చేతికి తగిలాక ఈల ఆగిపోయింది. అక్కడ ఎవరూ లేరు.

విడిదికి వెళ్ళి, కాకివాగు లోంచి ఈల వినపడిందని చెప్పాను. అంతే చెప్పాను.

బుధవారం తెల్లవారగానే దళంతో పాటు నేనూ దిగాను. ఇరవై ఒకటో రాతికి నేరుగా కింద, గుంటలో ఉంది వెరీనా. ఉన్నికోటు తొడుక్కుని ఉంది. మెడ విరిగింది. డాక్టరు చూసి, శనివారం సాయంత్రమే, పడగానే పోయిందన్నాడు. ఆవిడ సంచి పట్టీకి ఈల ఉంది. దాని నోట్లో మట్టి కూరుకుపోయి ఎండిపోయి ఉంది.

ఎక్కి వస్తున్నప్పుడు మైన్‌రాడ్ ఒక రాయి దగ్గర ఆగాడు. పై వైపు వేలితో రుద్దాడు. వేలికి ఇంకా ఆరని బూడిదరంగు అంటింది. వేలు చూసుకున్నాడు, నన్ను చూశాడు. ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“ఆవిడ ఎలాగూ శనివారమే పోయిందిరా,” అన్నాడు గొంతు తగ్గించి. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడడు.

నిజం చెబితే నాకు ఊరట కలిగింది. ఆ పది నిమిషాల వల్ల ఎవరూ చావలేదు కదా అని. అంత నీచంగా ఊరటపడ్డాను.

నవంబరు మొదట్లో లోథార్ మా ఇంటికి వచ్చాడు. ఒక సారా సీసా తెచ్చాడు.

“మీరొక్కరే విన్నారండీ,” అన్నాడు. “మీరు వినకపోతే నాకు ఆమె మట్టి కూడా దక్కేది కాదు.”

నేను సీసా వైపు చూస్తూ కూర్చున్నాను.

“మీకొకటి చెప్పాలి. ఇంకెవరికి చెప్పినా పిచ్చి అనుకుంటారు. సరస్సు మీద మంచు పట్టినప్పుడల్లా మా తోట చివరి నుంచి వెరీనా గొంతు వినపడుతోంది. ఒక్క మాటే అంటుంది, రోజుకొక్కసారి. షికారు తీసుకెళ్ళినప్పుడు పిల్లల్ని లెక్కపెడుతుంది చూడండి, ఆ గొంతుతో. కానీ లెక్క వెనక్కి పోతోంది. మొదటి రోజు ఇరవై ఒకటి అంది. మర్నాడు ఇరవై. మీకేమైనా తెలుసా, ఏమిటండీ ఆ ఇరవై ఒకటి?”

“నాకేం తెలుసు?” అన్నాను.

ఈ నవంబరులో మంచు ఒక్క రోజూ విడవలేదు. అతను పొద్దున్నే ఫోను చేసేవాడు. “ఇవాళ పదిహేనండీ.” “ఇవాళ పదకొండు.” వేరే ఎవరితో చెప్పుకుంటాడు పాపం! ఎత్తిన ప్రతిసారీ చెప్పేద్దామనే అనుకున్నాను. తొమ్మిది దగ్గర మాట గొంతు దాకా వచ్చింది. నాలుగు దగ్గర, ఇంకా నాలుగు రోజులున్నాయి కదా అనుకున్నాను. అనుకున్నాక, అది ఆ రాళ్ళ దగ్గర అనుకున్న మాటేనని తెలిసి, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అయినా మర్నాడూ చెప్పలేదు. దాని మర్నాడూ చెప్పలేదు.

ఇవాళ పొద్దున ఫోను మోగేసరికి నిశ్చయించుకునే ఉన్నాను. కిటికీ అవతల కంచె కూడా కనపడటం లేదు.

“లోథార్ గారూ, మీకొక మాట చెప్పాలి,” అన్నాను. “ఒక్క నిమిషం, కూర్చుని చెబుతాను.” కుర్చీ లాక్కున్నాను.

“ఇవాళ తోటలో ఏమీ వినపడలేదండీ,” అన్నాడు అతను, మెల్లగా. “పొద్దుటి నుంచీ కాచుకుని కూర్చున్నాను. ఇదిగో, ఇప్పుడు వినపడింది... ఫోనులో. ‘ఒకటి’ అంది. మీ పక్కనే నిలబడి అన్నట్టుంది. మీకు వినపడలేదా?”

నాకు ఏమీ వినపడలేదు.