పదికి పది

కొండాపూర్‌లోని కిరాయి గదిలో చైతన్య ఊరెళ్ళడానికి బ్యాగు సర్దుకుంటున్నాడు. రెండు చొక్కాలు, చార్జర్, కంటి చుక్కల మందు సీసాలు నాలుగు. కెజియా గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఎర్ర మూత సీసా పెట్టుకున్నవా? రెండు గంటలకోసారి వెయ్యాలె."

"పెట్టుకున్నా. మదనపల్లె బస్సెక్కేలోపల ఇంకెన్నిసార్లు అడుగుతావు?"

అతను నవ్వాడు. ఎడమ కన్ను నవ్వలేదు. నల్లగుడ్డు మీద తెల్లటి పొగ కమ్మినట్టుంది.

తొమ్మిది నెలల కిందట వాళ్ళ పరిచయం కసురుకోవడంతోనే మొదలైంది. కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొర కార్నియా; దాని మార్పిడికి రెండు పద్ధతులు. కొందరికి మొత్తం పొర మారుస్తారు, కొందరికి పై పొరలే. ఎవరు ఎక్కువ తృప్తిగా ఉన్నారో కంటి ఆసుపత్రి వాళ్ళు పరిశీలిస్తున్నారు. ప్రశ్నలు అడిగి రాసుకునే ఉద్యోగం కెజియాది.

"మేడమ్, నాకు చేసింది..."

"ఆగుండ్రి! ఏ ఆపరేషనో నాకు చెప్పొద్దు. తెలిస్తే మార్కులు ఒకవైపు మొగ్గుతయి."

"పెళ్ళి కాలేదని చెప్పొచ్చా?"

"ఫారంల ఆ గడి లేదు. చూపు ఎట్లుంది, పదికి ఎంత?"

"పది."

"ఇంకా పట్టీ తీసి నాలుగు రోజులు కాలే! ఇవి ఆపరేషన్‌కు మార్కులు, నాకు కాదు."

"తెలుసు మేడమ్. పది."

ప్రతి నెలా పదే. జూన్ వానలో ఒకే గొడుగు కింద బస్టాపు దాకా నడిచారు. సగం తడిసిన భుజంతో, "గొడుగు పట్టినందుకు ఎన్ని మార్కులు?" అన్నాడు. "నాలుగు," అంది. మర్నాడు పెద్ద గొడుగు కొన్నాడు. చందానగర్‌లో కెజియా నాన్న సామ్యేలు ఒకరోజు తనంతట తనే, "ఆ పిల్లగాన్ని ఇంటికి తీస్కరా, చూస్తం," అన్నాడు.

ఎనిమిదో నెలలో అతని కన్ను ఎర్రబడింది.

"ఏంది గిట్లున్నది? వెలుతురు గుచ్చుకుంటున్నదా?"

"నైట్ షిఫ్ట్ కదా. పది వేసుకో."

డాక్టర్‌ను పిలవాల్సింది. కానీ అతను కళ్ళలోకి చూసి నవ్వాడు. ఆమె పది వేసుకుంది.

పదిహేను రోజుల్లో ఆ కంటికి చూపు పోయింది. మొత్తం పొర మార్చిన కన్ను అది, ఒంటికి పడలేదు. ఎర్రబడిన రోజే మందు పెంచి ఉంటే నిలిచేదేమోనన్నాడు డాక్టర్.

"ఎందుకు దాచినవ్?" అని కెజియా ఏడ్చింది.

"మా కాల్ సెంటర్‌లో కస్టమర్ తొమ్మిది ఇచ్చినా మేనేజర్ పిలిచి క్లాసు పీకుతాడు. నీకు మాట రాకూడదని..."

"నాకు కాదని మొదటి రోజే చెప్పిన గద!"

"మేమూ కస్టమర్లకు అట్లే చెప్తాం."

ఇప్పుడతను బ్యాగులోంచి తలెత్తాడు. "ఒకటడుగుతా. నన్ను చూస్తే మొదట నీకేం కనపడతా ఉంది? అబద్ధం వద్దు."

అబద్ధమే చెప్పాలనిపించింది ఆమెకు. కానీ ఇద్దరి మధ్యా ఇప్పటికే అబద్ధాలు చాలా అయ్యాయి.

"కన్ను," అంది.

అతను బ్యాగు జిప్పు లాగాడు.

"సోమవారం చెకప్‌కి వస్తాలే. సాయంత్రం మీ నాన్నను కలుద్దాం."

ఆ సోమవారం 2022 నవంబరు 14. చైతన్య రాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు.