డెమాలిష్ అంటే నాశనం కాదు

"ఈ అర్థం రాసిందెవరండీ?"

డిక్షనరీ ఆఫీసులో ఆమె తలెత్తింది. ఎదురుగా బూట్ల నిండా సున్నం దుమ్ముతో ఒక కుర్రాడు నిలబడ్డాడు. చేతిలో ఆమె పంపిన కాగితమే ఉంది, ఎర్రగీతతో సహా.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఏ మాటకు అర్థం రాసినా, అచ్చుకు పంపేముందు ఆ మాటతో బతికేవాళ్లకు చూపించాలి. 'డెమాలిష్' అన్న మాట పాత భవనాలు కూల్చే ఈ ఇంజనీరుకు వెళ్లింది.

"నేనే రాశాను. నాశనం చేయడం అని. తప్పేముంది?"

"వరదొచ్చి ఇల్లు కొట్టుకుపోతే నాశనం. డెమాలిష్ అంటే అది కాదండీ. ఒకరు పూనుకుని, లెక్క చూసుకుని, కట్టినదాన్ని దించడం."

"పేపర్లో తుపానుకి కూడా డెమాలిష్ అనే రాస్తున్నారు."

"రాసేవాళ్లు రాస్తారు. చేసేవాళ్లనీ ఒక మాట అడగాలిగా."

"ఎలా చేస్తేనేం, చివరికి మిగిలేది మట్టే కదా?"

"మట్టి మిగిల్చేవాడు పనివాడు కాదు."

ఎంత పొగరు అనుకుంది. అది పొగరు కాదు, పనిమీద గర్వమని రెండు వారాల్లో తెలిసింది. అర్థం సరిచేసే వంకతో అతను నాలుగుసార్లు వచ్చాడు మరి. ఐదోసారి వానలో తడిసి ముద్దై, కాగితం మాత్రం పొడిగా తెచ్చాడు.

"ఇందులో ఇక తప్పేం లేదు. మిమ్మల్ని చూడ్డానికే వచ్చాను."

"మూడోసారే తెలిసింది. కూర్చోండి," అంది ఆమె.

కథ అక్కడితో సుఖాంతమయ్యేదే. కానీ ఆమె నాన్న నలభై ఏళ్లుగా ఇళ్లు కట్టిన మేస్త్రి. పైగా ఆ కుర్రాడు ఇప్పుడు దించుతున్నది, ఆయన పాతికేళ్ల వయసులో కట్టిన బడి.

"కట్టేవాడి కూతురు కూల్చేవాడికా? నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదు."

"నేల కుంగింది నాన్నా. నీ గోడ కాదు."

"ఏదైతేనేం, నా చేతిపని మట్టిపాలేగా."

ఆమెకు పట్టుదల వచ్చింది ఆయన దగ్గర్నుంచే. "ఒక్కసారి వచ్చి చూడు. చూశాక కూడా వద్దంటే, ఇక అతని మాట ఎత్తను."

మర్నాడు ఉదయం ఆయన వచ్చాడు. గోడలన్నీ దిగిపోయాయి, వాకిలి మీది ఆర్చి ఒక్కటే మిగిలింది. ఒక పక్కన ఇటుకలు, సున్నం గీకేసి, నిలువునా పేర్చి ఉన్నాయి. ఆర్చి కింద కొత్తగా కర్ర చట్రం బిగించి ఉంది. ఆయన దాన్ని చూస్తూ నిలబడిపోయాడు.

"ఈ చట్రం పెట్టమని ఎవరు చెప్పారు?"

"మీరే మేస్త్రిగారూ. కట్టేటప్పుడు మీరూ ఇలాంటిదే పెట్టుంటారు కదా. మీరు ఆఖరున పెట్టిన ఇటుక నేను ముందు తీయాలి. నెల రోజులుగా మీ వరసే వెనక నుంచి పట్టుకొస్తున్నాను. ఎక్కడా వంకర దొరకలేదు."

ఆయన కళ్లు చెమర్చాయి. అది కనబడకుండా చట్రం మీదికి వంగి, ఒక చీలను వేలితో తట్టాడు.

"ఇది వదులుగా ఉంది. బిగించు."

కుర్రాడు వెంటనే బిగించాడు. మేస్త్రి నిచ్చెనెక్కి, నడిమి ఇటుకను తన చేత్తోనే ఊడదీశాడు. పెచ్చు కూడా ఊడలేదు. దిగి దాన్ని కుర్రాడి చేతిలో పెట్టాడు.

"నా పని ఇంత శ్రద్ధగా చూసింది నువ్వొక్కడివే. ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకుని ఇంటికి రా."

అంత గర్వంగా ఆయన నడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆమె కూడా అలాగే నడిచింది.

సాయంత్రం కాగితం తిరగరాసింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని పైకి చదివాడు. "డెమాలిష్: కట్టడాన్ని పూనుకుని, క్రమంగా దించడం. ఉదాహరణ: మా నాన్న కట్టిన ఆర్చిని మా ఆయన డెమాలిష్ చేశారు."

కళ్లజోడు మీదనుంచి కూతుర్ని చూశాడు. "అప్పుడే మా ఆయనా?"

"డిక్షనరీ అచ్చయ్యేసరికి ఆర్నెల్లు పడుతుంది నాన్నా. ఆలోపు ఆ వాక్యాన్ని నిజం చేసే పూచీ నీది."